మిరప మంట అనుకున్నాం

పని ఏమిటంటే

కొత్తగా దవాఖానాలో ఆయా పనిలో చేరిన పిల్లలు ఇప్పటికీ మా ఇంటికి వచ్చి అడుగుతుంటారు. అమ్మా, ఈ పనిలో అన్నిటికన్నా కష్టం ఏది, వాసనా, మనుషుల్ని ఎత్తడమా, రోగి వెంట వచ్చినవాళ్ళ తిట్లా అని. వాసన నెల తిరిగేసరికి ముక్కుకు అలవాటైపోతుంది. నడుము ఎటూ పోతుంది, దాన్ని ఎవరూ ఆపలేరు. తిట్లు ఇంటికి పోయి పొయ్యి మీద ఎసరు పెట్టగానే మర్చిపోతాం. కష్టం వేరే ఉంది. మంచం మీద పడుకున్నామె ఏదో చెప్పబోయి, సిగ్గుపడో, ఇది చెప్పేంత సంగతి కాదనుకునో మానేస్తుంది చూడండి, ఆ చెప్పని మాటే మనల్ని తినేస్తుంది. నన్ను తిన్నది. అందుకే ఇది రాస్తున్నాను.

నేను పని చేసింది మణుగూరు దారిలో, అడవి అంచున ఉన్న ఒక సర్కారు దవాఖానాలో. ఆడవాళ్ళ వార్డు. బొగ్గు గనుల్లో కాంట్రాక్టు కూలికి పోయేవాళ్ళ పెళ్ళాలు, గోదావరి ఒడ్డున మిరప, పత్తి వేసే రైతుల ఇళ్ళ ఆడవాళ్ళు, లోపలి గూడేల నుంచి వచ్చే కోయ ఆడవాళ్ళు, అందరూ ఒకే వరస మంచాల మీద పడుకునేవారు. జ్వరం ఎవరి కులమూ అడగదు కానీ, పక్క మంచం మీద ఎవరున్నారని మొదటి రోజు మాత్రం అందరూ అడుగుతారు. రెండో రోజుకు ఒకరి పిల్లను ఒకరు ఎత్తుకుంటారు.

మన పనిలో సగం మూత్రంతోనే. లేవలేనివాళ్ళకు మంచం మీదే బెడ్ పాన్ పెట్టడం, తీయడం, గొట్టం సంచి ఖాళీ చేయడం, పరీక్షకు డబ్బాలో పట్టించడం. డబ్బా పట్టించడం తేలిక అనుకోకండి. ముందు కడుక్కోవాలి. మొదట వచ్చేది వదిలేయాలి, మధ్యలోది డబ్బాలో పట్టాలి, చివరిది మళ్ళీ వదిలేయాలి. ఒక ముసలామెకు నేను ఇదంతా చెప్తే, నన్ను ఎగాదిగా చూసి, "ఒంటికి పోవుడు గూడ నువ్వు నేర్పుతవానే? నీ అంత బిడ్డలున్నరు నాకు" అంది. వార్డంతా ఒకటే నవ్వు. "నవ్వుండ్రి, నవ్వుండ్రి, మీ వంతు గూడ వస్తది" అని నేనూ నవ్వాను.

ఉదయం పూట ఖమ్మంలోని ల్యాబుకు బండి వెళ్తుంది. అది కదిలేలోపు డబ్బాలు అందాలి. అక్కడ ఆ మూత్రంలో క్రిమి ఉంటే దాన్ని పెంచుతారు. పెరిగినదాని మీద ఒక్కో మందూ పెట్టి చూసి, ఏ మందుకు చస్తుందో, ఏ మందుకు చావదో రాసి పంపుతారు. క్రిమి పెరగడానికే రెండు మూడు రోజులు కావాలి. అందాకా డాక్టరు అంచనా మీదే మందు ఇస్తారు.

పెద్ద మందు సారు

నేను చేరిన కొత్తలో మాకు ఒక సారు ఉండేవారు. రోగిని "ఏమే, ఒసేయ్" అనని మనిషి. అటువంటివాళ్ళు తక్కువ, అందుకే ముందు ఆ మాట చెప్తున్నాను. మూత్రంలో మంట అని ఎవరొచ్చినా ఆయన దగ్గర ఒకటే వైద్యం. అలమారులో ఉన్నవాటిలో అన్నిటికన్నా గట్టి సూది తీయించేవారు.

ఒకసారి నర్సమ్మ అడిగింది, "సార్, ముందు చిన్న గోలీలు ఇచ్చి చూడమంటారుగా?" అని.

"అది పట్నంలో. వీళ్ళు ఈ గేటు దాటి అడవిలోకి పోతే మళ్ళీ వస్తారా? రారు. దొరికినప్పుడే రోగాన్ని కొట్టేయాలి" అన్నారు సారు.

ఆ రోజుల్లో ఆ సూది కొట్టేసేది కూడా. జ్వరంతో ఆటోలో పడుకుని వచ్చినామె మర్నాటికి లేచి తల దువ్వుకునేది. "సారు సూది" అని గూడేల్లో పేరు పడింది. పేరు పడ్డాక ఊళ్ళల్లో సూదులు వేసేవాళ్ళు ఊరుకుంటారా? వాళ్ళూ అదే తెచ్చుకున్నారు. దగ్గుకూ అదే, కాలు బెణికినా అదే. మందుల దుకాణంలో దాని తమ్ముళ్ళలాంటి గోలీలు చీటీ లేకుండానే అమ్మారు.

కొన్నేళ్ళు పోయాయి. అదే సూది, అదే సారు, అవే మంచాలు. ఆడవాళ్ళకు జ్వరం దిగడం లేదు. ఒకనాడు సారు ఆ సీసా చేతిలో తిప్పి తిప్పి చూసి, "ఇందులో మందే పోస్తున్నారా, నీళ్ళు పోస్తున్నారా?" అన్నారు. సీసాలో మందే ఉంది. క్రిమి మారిపోయింది. ఆయనకు అది తెలియక కాదు, ఒప్పుకోబుద్ధి కాలేదు. బదిలీ అయిపోయే రోజు వరకూ కంపెనీనే తిట్టారు.

ఆయన మంచి మనిషి అని మళ్ళీ చెప్తాను. కానీ ఆ తరవాత మేం అనుభవించినదానిలో ఆయన చెయ్యి ఉంది, మా అలమారు ఉంది. తప్పంతా చదువురాని కూలివాళ్ళదే అని ఎవరైనా మీటింగులో చెప్తే నమ్మకండి.

సారు తరవాత మేడమ్ వచ్చారు. కోస్తా వైపు మనిషి. మాట గట్టి. డబ్బా పోకుండా పెద్ద మందు ముట్టనిచ్చేవారు కాదు. నేనొకసారి, "సగం గోలీలు మింగితే సగం రోగమన్నా పోదా మేడమ్?" అని అడిగాను.

"పోతుందమ్మా వెంకటమ్మా, మెత్తటి క్రిములు పోతాయి. మొండివి మిగులుతాయి. ఆ మిగిలినవి కనేది మొండి పిల్లల్నే. వాటికి ఇల్లంతా నువ్వే ఖాళీ చేసి ఇచ్చినట్టు" అన్నారు.

ఆ మాట నాకు బాగా ఎక్కింది. వచ్చినవాళ్ళందరికీ చెప్పేదాన్ని. తల ఊపేవారు. తల ఊపి, జ్వరం దిగగానే మిగిలిన గోలీలు కొంగున కట్టుకుని పోయేవారు, చెల్లెలికి పనికొస్తాయని.

కోతల రోజులు

పొలం పనులన్నిటిలోకీ ఆడవాళ్ళ ఒంటిని ఎక్కువ పాడు చేసేది మిరప కోత. వేరే వాళ్ళు వరి నాట్లు అంటారు. అననివ్వండి, నేను మంచాల మీద చూసింది చెప్తున్నాను.

చలి తగ్గుతుండగా గూడేల నుంచి ఆడవాళ్ళను ముఠాలుగా ట్రాలీ ఆటోల్లో ఎక్కించుకుపోతారు. కొన్ని ముఠాలు ముదిగొండ దాకా పోతాయి, కొన్ని మా వైపు గోదావరి ఒడ్డు తోటల్లోనే దిగుతాయి. తోట గట్టున గుడిసెల్లా టార్పాలిను బరకాలు కప్పుకుని, కోత అయ్యేదాకా అక్కడే ఉంటారు. తెల్లారీ తెల్లారకముందే చాళ్ళలోకి దిగాలి. మిరప చెట్టు చాటు ఇచ్చే చెట్టు కాదు. చుట్టూ బస్తాలు మోసే మగవాళ్ళు. మరి ఆడది ఒంటికి ఎక్కడికి పోతుంది? పోదు. పోకుండా ఉండాలంటే నీళ్ళు తాగకూడదు. దాహమైతే నోరు పుక్కిలించి ఊసేస్తారు. పొద్దు గూకాక గట్టు అవతలికి ఒక్కసారి వెళ్తారు. రోజంతా ఎండలో బిగబట్టిన మూత్రంలో క్రిమికి అంతకన్నా ఏం కావాలి?

ఇక చేతుల సంగతి. కాయ ఏరిన చెయ్యి ఎంత కడిగినా కారం వదలదు. ఆ చేత్తో కన్ను తుడుచుకుంటే మంట. పిల్లకు పాలిస్తే పిల్ల ఏడుస్తుంది. ఒంటికి వెళ్ళి కడుక్కుంటే మంట. ముఠాలో ఎవరిని అడిగినా ఈ మంట ఉంటుంది. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు మిరప మంట. అది వాళ్ళ లెక్కలో రోగం కాదు. కోతకు పోతే అది ఉంటుంది, కోత అయిపోతే పోతుంది. దాన్ని డాక్టరుకు చెప్పడమంటే ఎండలో నిలబడితే చెమట పట్టిందని చెప్పడం లాంటిది.

ఇప్పుడు మీరే ఆలోచించండి. లోపల క్రిమి పెట్టే మంటా అక్కడే, బయట కారం పెట్టే మంటా అక్కడే. పైదాని పేరు కింద లోపలిది దాక్కుంటుంది. మంట మరీ ఓర్చుకోలేనంత అయి మనిషి చాలు మధ్యలో కూర్చుండిపోతే, ముఠాను కూలికి తెచ్చిన మేస్త్రి చూస్తాడు. బజారుకు పోయినప్పుడు ఒక గోలీల అట్ట తెస్తాడు. ముఠాలో ఒక రివాజు ఉంది. బెల్లం గడ్డ వచ్చినా, ఎండు చేపలు వచ్చినా అందరూ సమానంగా పంచుకోవాలి. ఒక్కతే తింటే మాట పోతుంది. గోలీలూ అంతే. అట్టను కత్తెరతో ముక్కలు చేసి తలా రెండు. ఒకామె రోగానికి సరిపోని మందు ముఠా అంతా మింగుతుంది. మంట కాస్త చల్లబడుతుంది. మళ్ళీ చాళ్ళలోకి దిగుతారు. ఏటా ఇదే.

దేవె

దేవె నడిచే వచ్చింది. ఆరు నెలలు నిండిన కడుపు, చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి, అయినా ఆడబిడ్డ చెయ్యి పట్టుకోకుండా నడిచింది. ఆ ఆడబిడ్డ పేరు లచ్చి. పెళ్ళి కాని పిల్ల, నోరు ఊరుకోదు. ఇద్దరూ ఒకే ముఠాలో మిరప ఏరుతున్నారు. దేవె మొగుడు పెద్ద పిల్లను చూసుకుంటూ గూడెంలో ఉన్నాడు. వదినను చూసుకోవాల్సింది లచ్చే. ఆ సంగతి లచ్చి వచ్చిన గంటలోనే వార్డంతటికీ చెప్పింది.

"మా అన్న నాకు అప్పజెప్పిండు అక్కా. వదినెను, కడుపుల బిడ్డను, ఇద్దరిని లెక్కపెట్టి ఇంటికి తీసుకరమ్మన్నడు."

మేడమ్ వచ్చి చూశారు. జ్వరం మండిపోతోంది. "మూత్రం పోసేటప్పుడు మంట ఉందా?" అని అడిగారు.

దేవె లచ్చి వైపు చూసింది. ఆమెకు తెలుగు వస్తుంది కానీ డాక్టర్ల ముందు రాదు. లచ్చి చెప్పింది, "రోగం మంట ఏం లేదు మేడమ్."

"నడుము నొప్పి?"

"వంగి ఏరుతది గద మేడమ్. పైంగ కడుపు. నొయ్యదా మరి?"

"గోలీలు ఏమైనా మింగిందా?"

"అందరం మింగినం. జెరంత జెరంత."

వాళ్ళు ఒక్క అబద్ధం చెప్పలేదు. అడిగినదానికి వాళ్ళకు తెలిసిన జవాబు చెప్పారు. మేడమ్ తప్పుగా అడగలేదు. ఆ ప్రశ్నకూ ఆ జవాబుకూ మధ్య ఒక మిరప తోట ఉంది, అంతే.

అయినా మేడమ్‌కు అనుమానం ఉంది. కడుపుతో ఉన్నామెకు ఇంత జ్వరమంటే మూత్రం చూడాల్సిందే అన్నారు. ఒక మామూలు సూది మొదలుపెట్టి, డబ్బా ఇమ్మన్నారు. బండి బయలుదేరే వేళ. ల్యాబు అబ్బాయి గుమ్మంలో నిలబడి, "జల్దీ ఇయ్యిండ్రి, బండి పోతున్నది, పోతే మళ్ళ రేపే" అని కేకేస్తున్నాడు. వార్డు ఆ చివర ఒకామెకు నొప్పులు ఎక్కువై నేను అటు వెళ్ళాను. లచ్చి దేవెను తీసుకుని బాత్‌రూములోకి పోయింది. కాసేపటికి మూత బిగించిన డబ్బా తెచ్చి ఇచ్చింది. నిండుగా ఉంది. బండి వెళ్ళిపోయింది.

ఆ డబ్బా జవాబు వచ్చింది. ఏ క్రిమీ లేదు. చీము కణాలు లేవు. శుభ్రమైన మూత్రం.

దాంతో మేడమ్ వేరే దారి పట్టారు. పట్టక ఏం చేస్తారు? మూత్రం బాగుందని కాగితం చెప్తోంది, మంట లేదని మనిషి చెప్తోంది. ఈ అడవి అంచున జ్వరాలకు ఎన్ని పేర్లని? మలేరియా చూశారు, టైఫాయిడ్ చూశారు, పొదల్లో నల్లి కుడితే వచ్చే జ్వరం చూశారు. ఒక్కోదానికీ రక్తం తీశారు, ఒక్కోదానికీ మందు మార్చారు. జ్వరం పొద్దున దిగినట్టు దిగి సాయంత్రానికి ఎక్కేది. దేవె అన్నం మానేసింది. లచ్చి మాత్రం ధైర్యంగానే ఉంది. వదిన పొట్ట మీద చెవి పెట్టి, "అల్లుడు తంతున్నడు, కోపమొచ్చింది వానికి, మిరపకాయ బజ్జీలు కావాల్నట" అని నవ్వించేది. దేవె జ్వరంలోనే నవ్వేది.

ఆ మధ్యలో మేస్త్రి వచ్చాడు. కోటయ్య అని, మా పక్క ఊరివాడే. బ్రెడ్డు తెచ్చాడు. మంచం దగ్గర నిలబడి, "ఎప్పుడు పంపిస్తరక్కా? కాయ పండి రాలుతున్నది" అన్నాడు.

"ముందు నువ్వు పంచిన గోలీలు ఏందో చూపియ్" అన్నాను.

జేబులోనుంచి కత్తిరించిన అట్ట ముక్క తీశాడు. అది మా సారు సూదికి తమ్ముడే. నాకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు అక్షరాలతో అదొక్కటి గుర్తుపట్టగలను.

"ఎవరు చెప్పిండ్రు నీకు, అందరికి తలా రెండు పెట్టుమని? పండుగకు పప్పు బెల్లాలా ఇవి?"

"నువ్వట్ల అంటవని తెలుసు" అన్నాడు కోటయ్య. కోపం తెచ్చుకోలేదు. "దుకాణపాయన ఇచ్చిండు, నేను తెచ్చిన. తేకపోతే మేస్త్రి పట్టించుకోడంటరు. తెస్తే గిట్లంటరు. మా అమ్మకు మంటొస్తే ఇదే ఏస్త అక్కా. మా ఇంటిదానికి ఇదే. నేనేమన్న విషం తెచ్చిన్నా?"

తోటలో చాటు కోసం నాలుగు కర్రలు పాతి ఒక గుడ్డ కట్టించు అన్నాను. రైతును అడుగుతానన్నాడు. అడిగాడో లేదో నాకు తెలియదు. మరుసటి ఏడు ఆ తోట ముఠా నుంచి వచ్చినవాళ్ళను అడిగితే, గుడ్డా లేదు, కర్రా లేదు అన్నారు.

పాన్ పెట్టినప్పుడు

ఒక పొద్దున దేవెకు లేచే ఓపిక లేక పాన్ పెట్టాను. రెండు చుక్కలు వచ్చాయో లేదో, పళ్ళు బిగబట్టి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

"ఏమైందే?"

"మిరప మంట" అంది మెల్లగా.

నేను ఆమె చేతుల వైపు చూశాను. వచ్చిన రోజు ఎర్రగా పొంగి ఉన్న వేళ్ళు, ఇప్పుడు పాలిపోయి మెత్తగా ఉన్నాయి. ఇన్నాళ్ళుగా ఆమె ముట్టుకున్నది దుప్పటి, గ్లాసు, నా చెయ్యి.

"దవాఖానల మిరపకాయ ఎక్కడిదే పిల్లా?"

ఆమెకు నా ప్రశ్న అర్థం కాలేదు. ఈ కోతలకు ముందు నుంచీ ఉంది, నిరుడు కోతల నుంచి వస్తూ పోతూ ఉంది, ఇది ఎప్పుడూ ఉండేదే కదా అంది. నేను వెళ్ళి మేడమ్‌ను పిలుచుకు వచ్చాను. మేడమ్ ఆమె వీపు పక్కన వేళ్ళతో తట్టారు. దేవె అరిచింది.

"ఇది కిడ్నీ దాకా పోయింది" అన్నారు మేడమ్. వెంటనే పాత ల్యాబు కాగితం తీసి చూశారు. "మరి ఆ రోజు మూత్రం అంత శుభ్రంగా ఎలా వచ్చింది?"

లచ్చి కిటికీలో కూర్చుని జడ వేసుకుంటోంది. "అది మంచిదే మేడమ్. నాది గద" అంది.

మేడమ్ తిరిగి చూశారు. "ఏమిటి నీది?"

"డబ్బాలది. వదినెకు ఒక్క చుక్క రాలే. నీళ్ళు తాగితే గద వచ్చేది. ఆ పిలగాడు బండి పోతున్నది, బండి పోతున్నది అని ఒకటే లొల్లి. డబ్బా ఇయ్యకుంటే మందు ఇయ్యరని నేనే పోసిచ్చిన. నిండ పోసిన మేడమ్, తక్కువ చెయ్యలే."

చెప్తూ నవ్వుతోంది. ముఠాలో ఒకరి చాలు మిగిలిపోతే పక్కామె ఏరి పెడుతుంది. ఒకరి బుట్ట వెలితిగా ఉంటే ఇంకొకరు రెండు దోసిళ్ళు పోస్తారు. ఆ పిల్లకు తెలిసిన మంచితనం అది. డబ్బా అంటే దవాఖానాకు కట్టాల్సినదేదో అనుకుంది. వదిన కట్టలేకపోతే తను కట్టింది.

మేడమ్ తిట్టలేదు. తిడతారని నేను మధ్యలోకి పోబోయాను కూడా. ఆమె పక్క మంచం అంచున కూర్చుండిపోయారు. కాసేపటికి లేచి, "వెంకటమ్మా, గొట్టం పెట్టి తీద్దాం. నేనే తీస్తాను" అన్నారు. తీశారు. మబ్బుగా, అడుగున మడ్డితో వచ్చింది. లచ్చి ఆ డబ్బా చూసింది, మా ముఖాలు చూసింది. జడ సగంలో వదిలేసింది.

కొత్తపిల్లలకు ఇక్కడొక మాట చెప్పి ముందుకు పోతాను. డబ్బా ఇచ్చి పంపేయకండి. వెంట వెళ్ళండి. రాకపోతే రాలేదని చెప్పమనండి, రేపటి బండి ఉంటుంది. మిరప ఏరేవాళ్ళయితే ముందు చేతులకు నూనె రాసి, తరవాత సబ్బుతో కడిగించండి. మంట ఉందా అని అడగకండి. కోతకు పోని రోజు కూడా మంట ఉంటుందా అని అడగండి. ఆ తరవాత మేడమ్ అందరినీ అలాగే అడగడం మొదలుపెట్టారు. మంచి ప్రశ్న. దేవె మంచం దగ్గర నేర్చుకున్నది.

ఖమ్మం

అంచనా మీద సూది నడుస్తుండగా, మూడో రోజు రెండో డబ్బా జవాబు ఫోనులో వచ్చింది. మేడమ్ వింటూ ఒక్కో మందు పేరూ మళ్ళీ పైకి అంటున్నారు. మేం ఇస్తున్న సూది పని చేయదు. సారు సూది పని చేయదు. కోటయ్య గోలీ పని చేయదు. అలమారులో ఉన్నవన్నీ అయిపోయాయి, ఇంకా అవతల చెప్తూనే ఉన్నారు, పని చేయదు, పని చేయదు అని. చివరికి ఒకటి రెండు పేర్లు వచ్చాయి. అవి మా దగ్గర లేవు.

అంబులెన్సుకు చెప్పారు. అది వచ్చేలోపే దేవెకు నొప్పులు మొదలయ్యాయి. నెలలు నిండని బిడ్డ. మగపిల్లవాడు. నా రెండు చేతుల్లోకే వచ్చాడు. ఏడవలేదు. లచ్చి లెక్కపెట్టి ఇంటికి తీసుకుపోవాల్సిన ఇద్దరిలో ఒకడు అక్కడే ఆగిపోయాడు. తువ్వాలులో చుట్టి ఇస్తే లచ్చి కొంగులోకి తీసుకుంది.

దేవెతో పాటు ఖమ్మం వరకూ నేనూ వెళ్ళాను. నా డ్యూటీ కాదు, మేడమ్ వెళ్ళమన్నారు. దారి పొడుగునా దేవె ఏదో కోయ మాటల్లో అంటూనే ఉంది. ఏమంటోందని అడిగితే, "చాలు మిగిలిపోయిందంటున్నది" అని చెప్పింది లచ్చి.

ఖమ్మంలో పెద్ద దవాఖానావాళ్ళు సిద్ధంగా ఉన్నారు. కావాల్సిన మందు ఉంది, ఎక్కించారు. వాళ్ళు చేయాల్సిందంతా చేశారని నేను కళ్ళారా చూశాను. కానీ అప్పటికి క్రిమి రక్తంలోకి దిగింది. మూత్రం ఆగిపోయింది. మర్నాడు మధ్యాహ్నం దేవె పోయింది.

ఆమె మొగుడు పెద్ద పిల్లను ఎత్తుకుని గూడెం నుంచి బస్సులో వస్తున్నాడు. వాళ్ళ కోసం లచ్చీ నేనూ వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాం. బయట రోడ్డు మీద మార్కెట్ యార్డుకు పోయే మిర్చి బస్తాల లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఘాటుకు వరండాలో అందరూ తుమ్ముతున్నారు.

"అక్కా, ఒక్క మాట అడుగుత. నిజం చెప్పు" అంది లచ్చి.

"అడుగు."

"ఆ పొద్దు డబ్బాల ఆమెదే ఉంటే బతుకుతుండెనా?"

నిజం నాకు తెలియదు. తరవాత మేడమ్‌ను అడిగాను. మొదటి డబ్బాకే తెలిసి అన్ని రోజులు ముందుగా ఖమ్మం పంపి ఉంటే ఏమో అన్నారు, ఆ మాట మధ్యలోనే ఆపేసి ఇంకో మంచం దగ్గరికి వెళ్ళిపోయారు. అప్పుడు ఆ వరండాలో మాత్రం, ఆ పిల్ల ముఖం చూసి, ఇక ముందు ఆమె బతకాల్సిన ఏళ్ళు తలుచుకుని, నేను చెప్పాల్సింది చెప్పాను.

"లేదు బిడ్డా. ఎవరిది పోసినా గిదే అయితుండె. డబ్బాతోటి అయ్యింది ఏం లేదు."

"ఒట్టు?"

"ఒట్టు."

లచ్చి నమ్మింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. తరవాత నా వైపు తిరిగి, కోపంగా కాదు, తెలుసుకుందామనే అడిగింది.

"డబ్బాతోటి ఏం కానప్పుడు, మమ్మల్ని ఎందుకు అడిగిండ్రు అక్కా?"